అర సైజు పెద్ద ఫిడేలు

నా చిన్నప్పుడు మా చర్చిలో అన్నిటికంటే పొడుగైన వాద్యాన్ని నేర్చుకుంటానని పంతం పట్టింది, ఆ చర్చికి వచ్చే పిల్లల్లో అందరికంటే పొట్టిదాన్నైన నేనే. అప్పుడు మేము గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. మా నాయన లోకోషెడ్డులో ఫిట్టరు. అసలు మాది విడపనకల్లు దగ్గర పల్లె. వరసగా వానలు ఎగ్గొట్టి నల్లరేగడి నెర్రెలిచ్చిన ఏళ్ళలో, చేలను నమ్ముకుంటే లాభం లేదని మా వాళ్ళు రైలు పనికి వచ్చేశారు. నాకు ఊహ తెలిసేసరికి మా ఇల్లంటే బొగ్గు పొగ వాసన, ఇంజన్ల కూత.

ఆ వాద్యం అసలు పేరు డబుల్ బాస్. మేమెవ్వరమూ ఆ పేరుతో పిలిచి ఎరగం. ఫిడేలును మనిషి కంటే ఎత్తుగా చేసి నిలబెట్టినట్టు ఉంటుంది కాబట్టి పెద్ద ఫిడేలు అనేవాళ్ళం. నాలుగు లావాటి తీగలు, అడుగున నేలమీద ఆనడానికి ఒక ఇనుపకాలు. నిలబడి దాన్ని ఒంటికి ఆనించుకుని, ఎడమచేత్తో మెడ మీద తీగలు అదుముతూ కుడిచేత్తో మీటాలి, లేదా కమానుతో లాగాలి. ఒకప్పుడు రైల్వే క్లబ్బులో డాన్సులకు వాయించేవారట. ఆ డాన్సులు ఆగిపోయాక అది మా చర్చికి వచ్చి చేరింది. దానితోపాటే దాన్ని వాయించే మనిషీ వచ్చాడు.

ఆయన్ను మేము గార్డు తాత అనేవాళ్ళం. గూడ్సు బండ్లకు గార్డుగా చేసి రిటైరైన మనిషి. మాకు బంధువేమీ కాదు. భార్య పోయాక కాలనీ వెనక వీధిలో ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. ఎండలకు చెక్క ఆరిపోయి పగలకుండా ఆయన చర్చిలో ఆ పెద్ద ఫిడేలు పక్కన ఎప్పుడూ ఒక మూకుడులో నీళ్ళు పోసి, అందులో గుడ్డ తడిపి ఉంచేవాడు. కుళాయి దగ్గర బిందెల కోసం కొట్లాటలు జరిగే ఊరు మాది. మనుషులకే నీళ్ళు లేవు, ఈయన ఫిడేలుకు తాపుతున్నాడని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళతోపాటు నవ్వి, తన బిందెలోంచే మళ్ళీ నీళ్ళు పోసేవాడు.

నాకు ఆ వాద్యం మీద అంత ఆశ ఎందుకు పుట్టిందంటే, దాని శబ్దం నాకు చెవితో కాక ఒంటితో వినిపించేది. హార్మోనియం, వయొలిన్లు, గిటారు అన్నీ ఒకవైపు. తాత ఆ లావు తీగను మీటగానే నేను కూర్చున్న బెంచీ సన్నగా వణికి, ఆ వణుకు వెన్నులోంచి పొట్టలోకి దిగేది. అంత పెద్ద శబ్దం నా చేతిలోంచి వస్తే ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. బడిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, పొట్టీ అని పిలిచేవాళ్ళే ఎక్కువ. వరసలో నా చోటు ఎప్పుడూ మొదటే. పెద్ద ఫిడేలు పక్కన నిలబడి దాన్ని పలికిస్తే ఇక ఎవరూ ఆ మాట అనరని నా లోపల గట్టి నమ్మకం.

కొన్నాళ్ళకు తాత వేళ్ళకు కీళ్ళనొప్పులు పట్టుకున్నాయి. తీగ అదిమితే వేలు నిలవకుండా అదిరేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన లేచి, తనకు ఓపిక ఉండగానే ఎవరికైనా నేర్పుతానని చెప్పాడు. పొడుగ్గా ఉన్న మగపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు గిటారు మీదే మోజు. నేను చెయ్యెత్తాను. చర్చంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా సంఘపెద్ద. బజారులో బట్టల అంగడి ఉన్న ఆయన చర్చి వ్యవహారాలన్నీ చూసేవాడు.

"అమ్మీ, అది నిన్ను వాయిస్తాది గానీ, నువ్వు దాన్ని యాడ వాయిస్తావు?" అన్నాడు.

గార్డు తాత ఒక్కడే నవ్వలేదు. మరుసటిరోజు సాయంకాలం చర్చికి రమ్మన్నాడు.

నాకు చెవి బాగానే ఉందని ఆయన త్వరలోనే కనిపెట్టాడు. ఏ స్వరం తరవాత ఏది రావాలో నాకు చెప్పకముందే తెలిసేది. కానీ చెయ్యి అందేది కాదు. ఆ వాద్యం మెడ పైభాగాన స్వరాలు దూరదూరంగా ఉంటాయి. చూపుడువేలు ఒకచోట ఆనిస్తే చిటికెనవేలు రెండో చోటికి చాచాలి. నాకు ఆ చాపు చాలేది కాదు. రెండు ఇటుకలు వేసుకుని ఎక్కితే పైన అందేది, కింద కమాను పట్టుకునే చెయ్యి తప్పేది. ఇటుకలు తీస్తే మోచెయ్యి భుజం కంటే పైకి లేచేది. తాత "పాపా, చాలు, ఈ పూటకు నిలుపు" అనేవాడు. నేను నిలిపేదాన్ని కాదు. ఆయన చూడనప్పుడు, చర్చిలో ప్రసంగం చేసే పాదిరయ్యగారిని తాళం అడిగి తీసుకుని మధ్యాహ్నాలు కూడా పోయి సాధన చేసేదాన్ని. నొప్పిపుడితే అది నేర్చుకునేటప్పుడు అందరికీ ఉండేదే అనుకున్నాను.

అసలు సంగతి మా అమ్మ పట్టుకుంది. ఒకరోజు పొయ్యి దగ్గర జొన్నరొట్టె తట్టమని పిండి నా ముందు పెట్టింది. నా ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వాచిపోయి ఉంది. పిండి మీద చెయ్యి ఆనించగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ నా చేతిని దీపం దగ్గరికి పట్టుకుని చూసి నాయనను పిలిచింది. రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కట్టు కట్టి, నరాలు బెణికాయనీ, ఇలాగే లాగితే ఆ చేతికి జన్మలో పట్టు చిక్కదనీ చెప్పాడు. ఇంటికి వచ్చాక నాయన, "ఇంక చాలమ్మా. ఆ ఫిడేలు జోలికి పోవద్దు" అన్నాడు. మా నాయన కోప్పడి అని ఉంటే నేను ఎదురు చెప్పి ఉండేదాన్ని. మెల్లగా అనేసరికి తలూపేశాను.

ఆ వారమే గార్డు తాత మా ఇంటికి వచ్చాడు. కట్టు కట్టిన నా చేతిని చూసి గడప మీదే కూర్చుండిపోయాడు. అమ్మ మజ్జిగ ఇస్తే తాగలేదు.

"పాపలో లోపం లేదప్పా. కొలత కుదరల్యా, అంతే" అన్నాడు మా నాయనతో.

"ఎదిగినాక నేర్చుకుంటాది లేన్నా" అన్నాడు నాయన.

"ఎదిగేదాకా చెయ్యి మిగలల్ల కదప్పా. ఎదక్కపోతే? అందరూ ఎదుగుతారా ఏమి? ఎదగనోళ్ళకి పాట లేదా?"

తాత అప్పుడు అసలు మాట చెప్పాడు. బెంగుళూరులో ఆయనకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, ఇలాంటి వాద్యాలు బాగుచేస్తాడు. ఆయన దగ్గరికి వచ్చే ఒక పొడుగాటి మనిషి మా చర్చిలో ఉన్నటువంటి పాతకాలపు పెద్దదాని కోసం చూస్తున్నాడట. మనది ఇచ్చి అక్కడ ఉన్నవాటిలో ఈ పాపకు సరిపోయేది మార్పిడి చేసుకుందామని తాత పాదిరయ్యగారిని అప్పటికే ఒప్పించాడు. చెయ్యి పూర్తిగా నయమయ్యాకే తీసుకుపోతాననీ, అక్కడా నొప్పి పుడితే ఇక తానే ఆపేస్తాననీ అన్నాడు. నాయన నా వైపు చూసి సరేనన్నాడు. నేను మాత్రం మార్పిడి అంటే ఇంతకంటే కొత్తది, ఇంతకంటే మెరిసేది వస్తుందని లోలోపల గంతులు వేశాను.

ఎండలు తగ్గాక బయలుదేరాం, తాత, నాయన, నేను. అప్పట్లో అది మీటరు గేజి బండి. పెద్ద ఫిడేలు ఏ పెట్టెలో పడుతుంది? తాత కింద పనిచేసిన మనిషే ఆ రోజు గార్డు. పాత గౌరవంతో దాన్ని బండి చివర గార్డు ఉండే బ్రేకు పెట్టెలో ఎక్కించుకున్నాడు. ప్రతి స్టేషనులోనూ తాత దిగి పోయి అది ఒరిగిందేమో చూసి వచ్చేవాడు. అమ్మ కట్టిచ్చిన రొట్టెలు, చెనిక్కాయల పొడి తిన్నాం. అనంతపురం దాటితే కిటికీలో ఎర్రటి బీడు, గుండ్ల గుట్టలు, అక్కడక్కడ ఆకు ముడుచుకున్న చెనిక్కాయ చేలు. ధర్మవరంలో పట్టుచీరల మూటలతో ఎక్కిన ఇద్దరు ఆ మూటలను ఒళ్ళో పసిబిడ్డల్లా పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఆ ప్రయాణం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది, ఎందుకంటే అంతకుముందు నేను గుత్తి దాటి పోలేదు.

ఆ రాత్రి బెంగుళూరులో తాత చెల్లెలి ఇంట్లో పడుకుని, పొద్దున్నే మేస్త్రీ అంగడికి పోయాం. అంగడంతా లక్క వాసన, రంపప్పొడి. గోడకు మూడు పెద్ద ఫిడేళ్ళు ఆనించి ఉన్నాయి. మేము తెచ్చిందాన్ని వాటి పక్కన నిలబెట్టారు. ముదురెరుపు రంగులో అన్నిటికంటే ఎత్తుగా ఒకటి నిగనిగలాడుతోంది. ఇంకొకటి మా దానంతే. మూలన ఒకటి కాస్త చిన్నదిగా, రంగు వెలిసి ఉంది.

"ఏది కావల్ల పాపా?" అన్నాడు తాత.

నేను ఎర్రదాన్ని చూపించాను. మరి మూలనున్నదో అని అడిగితే, "అది చిన్నపిల్లలది తాతా" అన్నాను. మేస్త్రీ అది అర సైజు అన్నాడు. ఈ వాద్యాల్లో నిండు సైజు, ముప్పాతిక సైజు, అర సైజు, పాతిక సైజు ఉంటాయట. మా చర్చిది ముప్పాతిక. అంత పెద్దదే ముప్పాతిక అయితే అరను ఎవరు ముట్టుకుంటారు? నాకు ఆ మాటే నచ్చలేదు. అర అంటే సగం. పొట్టిదాన్ని కాబట్టి నాకు సగం వాద్యం అంటగడతారేమో అని ఎర్రదాని దగ్గరికే జరిగాను.

తాత వాదించలేదు. భుజం మీది టవలు తీసి నా కళ్ళకు గంతలు కట్టాడు. మా నాయన ఏదో అనబోతే ఊరుకోమన్నాడు. "ఒక్కొక్కటీ నీకిస్తాం. మనం వారం వారం వాయించే పాట ఉండాది కదా, అది వాయించు. ఏది బాగుంటే అది చెప్పు. అంతే" అన్నాడు.

అడుగున ఇనుపకాలు పైకీ కిందికీ జరుగుతుంది. వాళ్ళు నన్ను ఒక పీట ఎక్కించి, ప్రతిదాని కాలునూ సర్ది, తీగలు మొదలయ్యే చోటు నా నుదుటి దగ్గరికి వచ్చేలా నిలబెట్టారు. అందుకని చేతిలో ఉన్నది ఎంత ఎత్తుదో నాకు తెలియలేదు. మొదటిది పరిచయమైన బాధే. వేలు చాపేటప్పటికి పాట మొదలవకముందే మణికట్టు బిగుసుకుంది. తాత వెంటనే తీసేసుకున్నాడు. రెండోదీ అంతే. తరవాతదాన్ని ఒంటికి ఆనించుకున్నాక, చేతిని మెడ మీదికి పోనిస్తే, వేళ్ళు పోవలసిన చోటికి వాటంతట అవే పోయి కూర్చున్నాయి. కుడిచెయ్యి వేలాడేసినంత సులువుగా కమాను తీగ మీద ఆనింది. లాగాను. అంగడిలో ఏదో గాజుసీసా చిన్నగా గలగలమంది. మళ్ళీ లాగాను. పాట సగంలో నేను నొప్పి సంగతి మరిచిపోయాను. చివరిదాకా వాయించి, ఆపడానికి మనసొప్పక మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

"ఇదే తాతా! ఇదే ఆ ఎర్రది కదా? ఎంత పెద్దగా పలుకుతాండాదో చూడు!"

తాత వచ్చి ముడి విప్పాడు. నా చేతుల్లో ఉన్నది మూలనున్న రంగు వెలిసినది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మోసం చేసినావు తాతా" అన్నాను. కానీ దాన్ని వదిలిపెట్టలేదు. రెండు చేతులతో దాని మెడ పట్టుకునే ఏడ్చాను.

"నేను యాడ మోసం చేసినా? నీ చెయ్యి చెప్పినాది, నీ చెవి చెప్పినాది. నేను రోంత సేపు నీ కండ్లు మూసినా, అంతే" అన్నాడు. తరవాత మా పాతదాన్నీ దీన్నీ పక్కపక్కన నిలబెట్టి, రెంటికీ మధ్య తేడాను తన జానతో కొలిచాడు. ఒక్క జానెడు కూడా లేదు. "దీన్ని అర అనేది వట్టి పేరుకే. ఆ పేరు ఎవరు పెట్టినారో నాకూ తెల్దు. పెద్దదాంట్లో శబ్దం లేకపోలేదు పాపా. నీ బలమంతా చెయ్యి చాపడానికే పోతాంటే ఇంక అది యాడ పలుకుతాది?"

మా నాయన అంతవరకూ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. మెల్లగా వచ్చి నా ఎడమ మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "నొప్పుండాదా?" అని అడిగాడు. లేదన్నాను. నాయన తాత వైపు చూసి తలూపాడు. నాకు ఆ తలూపు చాలా పెద్ద సంగతి.

కానీ ఇంటికి వచ్చే దారంతా, సగందాన్ని తెచ్చామంటారేమోనని నాకు దిగులే. బ్రేకు పెట్టెలోంచి దాన్ని దించుతుంటే చూసినవాళ్ళ ద్వారా సంగతి కాలనీ అంతా పాకిపోయింది. సంఘపెద్ద తాతను చర్చి వాకిట్లోనే పట్టుకున్నాడు.

"ఏమప్పా గార్డూ, నిండుదాన్ని ఇచ్చి సగందాన్ని తెచ్చినావంట? ఎవురన్నా ఇట్లాంటి బేరం చేస్తారా? ఒక్క పాప కోసరం సంఘమంతా అర వాద్యంతో పాడల్లనా?"

ఆ 'అర' అనే మాట నా చెంప మీద కొట్టినట్టయింది. నావల్ల చర్చి పోగొట్టుకుందని అనిపించింది. పరుగెత్తి ఇంటికి పోదామనుకున్నాను. తాత నా భుజం మీద చెయ్యివేసి నన్ను కదలనివ్వలేదు. "ఆదివారం వచ్చి కూచోప్పా. విన్నాక ఏమన్నా అను, పడతా" అన్నాడు.

ఆ వారమంతా సాధన చేశాను. ఆదివారం పొద్దున తాత నన్ను బండలు పరిచిన నేలమీద కాక, ప్రసంగం చేసే చెక్క అరుగు మీద నిలబెట్టాడు. ఆ అరుగు లోపల బోలు. ఇనుపకాలు దాని మీద ఆనితే కింద చెక్కంతా కలిసి పలుకుతుందని ఆయనకు తెలుసు. మొదటి పాట ఎత్తుకున్నారు. రెండో చరణానికి పాడేవాళ్ళ గొంతులు నా తీగ మీదికి వచ్చి కూర్చోవడం నాకు తెలిసింది. ఎప్పుడూ అందరికంటే ఒక అడుగు వెనక ఈడుస్తూ పాడే సంఘపెద్ద ఆ రోజు అందరితో కలిసి పాట ముగించాడు. ఆ సంగతి ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. తాత మాత్రం ముందు బెంచీలో కూర్చుని, వంకరపోయిన వేళ్ళతో మోకాలి మీద నాతోపాటు స్వరాలు అదుముతూ ఉన్నాడు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బాగుందని అనలేదు, అలా అనే మనిషి కాదు. వాద్యాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "అమ్మీ, దీనికి నీళ్ళు పెడతాండారా? గాలి పొడిగా ఉండాది. చెక్క ఇచ్చుకోని పోతాది" అన్నాడు. ఆ సాయంకాలం వాళ్ళింటి నుంచి ఒక కొత్త మూకుడు, చిన్న బిందెడు నీళ్ళు వచ్చాయి. తరవాత ఆయన నోట అర అనే మాట నేను వినలేదు.

నేను ఆ తరవాత పెద్దగా ఎదగలేదు. ఆ వాద్యాన్నే పెళ్ళయ్యేదాకా వాయించాను, పెళ్ళయ్యాక కూడా గుంతకల్లు వచ్చినప్పుడల్లా వాయించాను. తాత పోయిన రోజు ఆయన పాటలన్నీ దాని మీదే వాయించాను. అప్పుడు తోచింది నాకు, ఆ బెంగుళూరు ప్రయాణం మొత్తంలో ఆయన ఒక్కసారి కూడా నన్ను పొట్టి అనలేదని. ఆ అంగడిలో అడుగుపెట్టగానే నాకు ఏది సరిపోతుందో ఆయనకు తెలిసే ఉంటుంది. "నీకు ఇదే చాలు" అని ఒక్క మాట అంటే పని అయిపోయేది. నేనూ తలొంచుకుని తెచ్చుకునేదాన్ని, బతికినంతకాలం దాన్ని నాకు దక్కిన సగమనే అనుకునేదాన్ని. అదే వాద్యం, జానెడు కూడా లేని అదే తేడా. కానీ ఆయన చెప్పలేదు, నా అంతట నేను 'ఇదే' అనేదాకా ఆగాడు.

నేను సంగీతం టీచరుగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పటికీ పిల్లలు వయొలినో గిటారో పట్టుకుని ఇంటికి వస్తారు. వెంట వచ్చిన తల్లిదండ్రులు, ఏ సైజు తీసుకోమంటారమ్మా అని నన్ను అడుగుతారు. ఆ బిడ్డ గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే జవాబు నా నాలుక చివరికి వచ్చి ఉంటుంది. అయినా చెప్పను. రకరకాలవి ముందు పెట్టి, వాయించు నాన్నా, నేను వింటాను అంటాను. ఆ తరవాత నోరు కట్టుకుని కూర్చుంటాను. నేర్పడంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని ఇప్పటికీ అదే. ఆ రోజు ఆ అంగడిలో గార్డు తాతకు కూడా అంతే కష్టమై ఉంటుంది.